నేపథ్య సంగీతంలో ‘నేపథ్యం’ అంటే?

సందేహం: ‘ఎన్నికల నేపథ్యంలో’ అని పత్రికల్లో చదువుతుంటాం. అక్కడ నేపథ్యం అంటే సందర్భం. మరి ‘నేపథ్య సంగీతం’ అంటే సందర్భానికి తగిన సంగీతమనా? ఒక యాక్షన్ కామెడీ సమీక్షలో ‘స్కోర్ సినిమా టోన్‌ను సెట్ చేసింది’ అని రాశారు. స్కోర్ అంటే నేపథ్య సంగీతమే కదా, ఈ వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: సందర్భం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. సంస్కృతంలో నేపథ్యం అంటే వేషం. నటులు వేషం కట్టుకునే చోటు, అంటే తెర వెనక భాగం కూడా. నాటకాల్లో ‘నేపథ్యే’ అని ఉంటే ఆ మాట తెర వెనక నుంచి వినిపించాలని సూచన. నేపథ్య గానం, నేపథ్య సంగీతం ఈ అర్థంలోంచి పుట్టినవే.

ఒక తేడా మాత్రం ఉంది. నాటకంలో నేపథ్యం నుంచి వచ్చిన కేక రంగం మీది పాత్రలకూ వినిపిస్తుంది, వాళ్లు ఉలిక్కిపడతారు. సినిమాలో నేపథ్య సంగీతం ప్రేక్షకులకే తప్ప పాత్రలకు వినపడదు. యాక్షన్ కామెడీ బతికేదే ఈ తేడా మీద. ఒకడు దొంగల స్థావరంలోకి పిల్లిలా అడుగులేస్తున్నాడనుకోండి. మంద్రంగా తీగవాద్యాలు సాగితే మనకు టెన్షన్. అడుగుకో మీటు చొప్పున వయొలిన్ తీగ టింగుమంటే నవ్వు. పాపం, వాడి భయం వాడికి నిజమే! ఇలా కదలికకు తగ్గట్టు సంగీతం కూర్చడాన్ని హాలీవుడ్‌లో ‘మిక్కీ మౌసింగ్’ అంటారు, కార్టూన్ల నుంచి వచ్చిన పేరు. అన్ని సినిమాలూ ఆ దారే పట్టవు. 1984లో వచ్చిన హాలీవుడ్ యాక్షన్ కామెడీ ‘బెవర్లీ హిల్స్ కాప్’కు సంగీత దర్శకుడు హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్ సింథసైజర్ మీద కట్టిన బాణీ హీరో అడుగుల్ని అనుకరించదు, అతని కొంటెతనాన్ని పట్టుకుంటుంది. అది వినగానే ‘ఇతనికేం కాదులే’ అన్న ధీమా మనకొచ్చేస్తుంది.

వీరం, హాస్యం ఒకచోట పొసగడం మనకు కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడు యుద్ధం చెబుతుంటాడు, పక్కన హాస్యపు వంత నవ్విస్తుంటాడు, రెండింటినీ ‘తందాన తాన’ మోస్తుంది.

ఇక టోన్ సంగతి. ‘స్వరం’ అంటే గొంతు దగ్గర ఆగిపోతుంది; ‘ధోరణి’లో సంగీతం లేదు. నాకు ఎంతో ఇష్టమైన మాట ‘వరస’. పాటకు వరస కడతాం, ‘వీడి వరస చూశావా’ అనీ అంటాం. బాణీ, తీరు రెండూ ఒక్క మాటలో ఒదిగాయి. కాబట్టి ‘నేపథ్య సంగీతం సినిమాకు వరస కుదిర్చింది’, ‘సంగీతంతో ఫైటు వరసే మారిపోయింది’ అని హాయిగా రాయవచ్చు. చుట్టరికపు వరస, బారులు తీరిన వరస కూడా ఉన్నాయి కదా అంటారేమో. వాక్యంలో పడ్డాక ఎవరూ పొరబడరు.

‘స్కోర్’ అంటే మనవాళ్లకు ముందు క్రికెట్ గుర్తొస్తుంది. దానికన్నా సినిమావాళ్లు వాడే ‘రీరికార్డింగ్’ నయం, అందరికీ తెలిసిన మాట. వరుస అని రాసినా, వరస అని రాసినా తప్పు లేదు. పాత పాటల పుస్తకాల్లో పాట పైన ‘వరుస’ అనే కనిపిస్తుంది. నోటిమాటలో మాత్రం ‘వరస’ ఎక్కువ.