పాత ల్యాప్‌టాప్‌లు జాంబియాకి పంపమంటారా?

ప్రశ్న: మా చర్చి యూత్ అంతా కలిసి పాత ల్యాప్‌టాప్‌లు పోగేశాం. జాంబియాలో ఒక మిషన్ స్కూలుకి పంపాలని ఉంది. అక్కడ నిజంగా పనికొస్తాయా? పంపేముందు ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు పార్సిల్ కట్టడం ఆపండి. ఆ స్కూలువాళ్ళు మిమ్మల్ని ల్యాప్‌టాప్‌లు అడిగారా, లేక మీ దగ్గర ఉన్నాయి కాబట్టి వాళ్ళకి కావాలని మీరే అనేసుకున్నారా? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

జాంబియా అన్నారు కాబట్టి మాచా సంగతి చెబుతాను. దక్షిణ ప్రావిన్స్‌లో చోమా పట్నానికి 70 కిలోమీటర్ల దూరాన ఉన్న పల్లె, చితోంగా మాట్లాడతారు. 1906లో ఫ్రాన్సెస్ డేవిడ్‌సన్, ఆడా ఎంగెల్ అనే ఇద్దరు మహిళలు బ్రదరెన్ ఇన్ క్రైస్ట్ సంఘం తరఫున అక్కడ మిషన్ పెట్టారు. 1957లో ఆసుపత్రి వచ్చింది, ఆ తర్వాత దాని పక్కనే మలేరియా పరిశోధన కేంద్రం వచ్చింది, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేసేంత పెద్దది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2004 ప్రాంతంలో గెర్ట్‌యాన్ ఫాన్ స్టామ్ అనే డచ్ ఇంజినీరు లింక్‌నెట్ పేరుతో అక్కడికి ఉపగ్రహ ఇంటర్నెట్ తెచ్చే నాటికే ఆ ఊళ్ళో డాక్టర్లు, ల్యాబు, బయటికి పంపాల్సిన సమాచారం అన్నీ ఉన్నాయి. నెట్ వస్తే ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళ దగ్గరికే నెట్ వెళ్ళింది.

ఇక ఖర్చు. 2010 ప్రాంతంలో పరిశోధకులు లెక్క చూసినప్పుడు ఉపగ్రహ కనెక్షన్‌కి నెలకి 1,200 డాలర్లు అయ్యేది. అంత కట్టినా గ్యారంటీగా దొరికే డౌన్‌లోడ్ వేగం 128 కేబీపీఎస్, దాన్ని పంచుకునేది సుమారు 300 మంది! ఇవాళ మన ఫోన్లో వచ్చే మామూలు స్పీడుతో పోలిస్తే వందో వంతు కూడా కాదు. నన్నడిగితే ఇలాంటి ప్రాజెక్టులన్నిటికీ పెద్ద తలనొప్పి ఆ నెలవారీ బిల్లే. కంప్యూటర్లు ఇస్తామని చాలామంది ముందుకొస్తారు, బిల్లు కడతామని ఎవరూ రారు.

రెండో తలనొప్పి రిపేరు. దుమ్ము, పిడుగులు, ఒకసారి ఎక్కువగా ఒకసారి తక్కువగా వచ్చే కరెంటు, ఇవన్నీ తట్టుకుని కంప్యూటర్లు నడవాలంటే దగ్గర్లో తెలిసిన మనిషి ఉండాలి. మాచాలో వాళ్ళు చేసిన మంచి పనేమిటంటే, ఓడల్లో సరుకులొచ్చే పెద్ద ఇనప కంటైనర్లలో ఇంటర్నెట్ గదులు పెట్టడంతో ఆగకుండా, అక్కడి కుర్రాళ్ళకే కంప్యూటర్ పని నేర్పే అకాడమీ కూడా పెట్టారు. ఈ పనులు చూసిన మాచా వర్క్స్ అనే సంస్థని నడిపించింది కూడా ఫ్రెడ్ మ్వీత్వా అనే జాంబియా మనిషే.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌ల దగ్గరికి వద్దాం. బ్యాటరీ చచ్చిపోయినవి, ఛార్జర్ లేనివి, ఆన్ అవ్వడానికే పావుగంట తీసుకునేవి ఎన్ని ఉన్నాయో నిజాయితీగా చూడండి. వాటిని పంపితే సేవ కాదు, మన చెత్త వాళ్ళ పెరట్లో పోసినట్టు. ఘనా రాజధాని అక్రాలో అగ్బోగ్‌బ్లోషీ అనే చోట రాగి కోసం పాత వైర్లు తగలబెట్టే కుర్రాళ్ళ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. బాగా పనిచేసేవి నాలుగైదు ఉంటే, కివిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియా మొత్తం ఎక్కించి ఇవ్వండి, నెట్ లేకపోయినా పిల్లలు చదువుకుంటారు. రవాణా, కస్టమ్స్ కలిపి ఎంతవుతుందో కనుక్కుని, ఆ డబ్బుకి జాంబియా రాజధాని లుసాకాలోనే ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయేమో స్కూలువాళ్ళనే అడగండి. దొరికితే డబ్బే పంపండి, రిపేరు కూడా అక్కడే అవుతుంది.

ప్రశ్న: ఇంత కష్టపడి పల్లెకి ఇంటర్నెట్ ఇస్తే చివరికి ఫేస్‌బుక్ చూసుకుంటూ కూర్చోరా అండీ?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చూస్తారు. మనం చూడట్లేదా? మాచాలో కూడా ఫేస్‌బుక్ వాడకం బాగానే ఉందని అమెరికాలో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. కాకపోతే వాళ్ళకి ఇంకో విషయం కనబడింది. ఆ చాటింగులో సగానికి పైగా ఊళ్ళోవాళ్ళ మధ్యే నడుస్తోంది. అంటే నర్సు ఒక ఫొటో పెడితే అది 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి వెళ్ళి, ఎక్కడో విదేశంలో ఉన్న సర్వర్‌కి చేరి, మళ్ళీ అదే దారిన కిందికి దిగి పక్క వీధిలో ఉన్న స్నేహితురాలికి కనబడుతుంది, ఆ రెండు ప్రయాణాలూ 300 మంది పంచుకునే ఆ సన్నటి లైన్ మీదే! అందుకని ఫైళ్ళు ఊళ్ళోనే ఒక సర్వర్‌లో ఉంచి పంచుకునే విలేజ్‌షేర్ అనే ఏర్పాటు తయారుచేశారు. ఫేస్‌బుక్ చూడొద్దని క్లాసు పీకే బదులు ఊరి మాటలు ఊళ్ళోనే తిరిగేలా చేశారన్నమాట. నాకైతే ఈ పద్ధతి భలే నచ్చింది.

ప్రశ్న: సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. ఈ టెక్నాలజీ, కరెంటు అన్నీ మతం మార్చడానికి ఎర కాదా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అనుకోవడానికేముంది. మిషనరీలు మతం కోసమే వెళ్ళారు, ఆ మాట వాళ్ళే దాచుకోలేదు. కానీ జాంబియా విషయంలో ఎర అనే మాట ఇప్పుడు అంతగా అతకదు. జనంలో ఎక్కువమంది ఎప్పటినుంచో క్రైస్తవులే, 1991లో అధ్యక్షుడు చిలుబా తమది క్రైస్తవ దేశమని ప్రకటించాడు, 1996లో అది రాజ్యాంగ పీఠికలోకి కూడా ఎక్కింది.

వాయవ్య మూల కలీన్ హిల్ అని ఇంకో మిషన్ ఆసుపత్రి ఉంది, అదీ 1906 నాటిదే. డీజిల్ జనరేటర్‌తో వేగలేక, జాంబెజీ నది మీద జెంగమీనా అనే చిన్న జలవిద్యుత్ కేంద్రం కట్టుకున్నారు, సుమారు 700 కిలోవాట్లది. ఆ కరెంటు ఆసుపత్రితో ఆగలేదు, చుట్టుపక్కల ఇళ్ళకీ దుకాణాలకీ వెళ్ళింది. నా అనుమానం ఇంకోచోట. బయటివాళ్ళు తెచ్చిన డబ్బుతో కట్టినదాన్ని వాళ్ళు వెళ్ళిపోయాక ఎవరు చూస్తారు? అడగాల్సింది అది, మిషన్లనీ అడగాలి, మతంతో సంబంధం లేని స్వచ్ఛంద సంస్థలనీ అడగాలి.

ప్రశ్న: స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చేసింది కదా, ఇంకా ఈ మిషన్లతో పనేముంది?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: జాంబియాకి 2023 అక్టోబర్‌లో వచ్చింది. స్పీడు సమస్య చాలావరకు తీరినట్టే. డిష్ పెట్టడం మీలాంటివాళ్ళకి అరగంట పని. నెలనెలా చందా ఎవరు కడతారు, రౌటర్ కాలిపోతే ఎవరు చూస్తారు అన్నవి మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. ఆసుపత్రో స్కూలో ఉన్నచోట ఆ పని వాళ్ళ నెత్తినే పడుతుంది.