పక్కింటి పెద్దావిడని ఏమని పిలవాలి?

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి వచ్చే నెల కేప్‌టౌన్ వెళ్తున్నాను. పక్కింట్లో ఎనభై దాటిన దంపతులున్నారు, ఇంట్లో ఆఫ్రికాన్స్ మాట్లాడతారట. అమ్మాయికి అన్నింటికీ ఆ పెద్దావిడే సాయం. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. వాళ్లని ఏమని పిలవాలి, కృతజ్ఞత ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, మర్రిపాలెం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు పిలుపు సంగతి. ఆయన్ని 'ఊమ్' అనండి, ఆవిడని 'టానీ' అనండి. బాబాయిగారు, పిన్నిగారు అన్నట్టు. చుట్టరికం ఉండక్కర్లేదు.

ఆ భాషలో 'నువ్వు'కి ఒక మాట, 'మీరు'కి ఒక మాట ఉన్నాయి. కానీ ఇంటి పెద్దలతో మొదటిది మర్యాద కాదు, రెండోది మరీ లాంఛనం. అందుకని పిలుపునే మళ్లీ మళ్లీ వాడతారు. "విల్ టానీ కోఫీ హే?" అంటే "పిన్నిగారు కాఫీ తాగుతారా?" అని. అత్తగారితో "అత్తయ్యగారు భోంచేస్తారా?" అన్న కోడలికి ఇది వేరే నేర్పాలా? మీ ఈడు ఆడవాళ్లని మాత్రం టానీ అనకండి, వయసు పెంచారని నొచ్చుకుంటారు.

కృతజ్ఞతకి "బాయ డాంకీ". 'బాయ' అంటే చాలా. అది తూర్పు దీవుల మలయ్ భాష మాట. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కేప్‌లో మకాం పెట్టింది. వలసవచ్చిన డచ్చివాళ్లు, అక్కడి ఖోయ్ జనం, తూర్పు దీవుల నుంచీ మన దేశం నుంచీ బానిసలుగా తెచ్చిన మనుషులు, ఇంతమంది నోళ్లలో నలిగి డచ్చి భాష ఆఫ్రికాన్స్ అయింది. 1925 దాకా దానికి అధికార భాష హోదా రాలేదు. బానిసల మాట ఇవాళ్టికీ ప్రతి ధన్యవాదంలో ఉండటం నన్ను కదిలిస్తుంది. అదే కంపెనీ మన భీమిలిలోనూ వ్యాపారం చేసింది. అక్కడి డచ్చి సమాధులు చూసే ఉంటారు. వాళ్లు మాట్లాడిన భాషే మీరు వినబోయేదానికి తల్లి.

పొద్దున్న "ఖుయ మోర". ఆ 'ఖ' ఉర్దూవాళ్లు 'ఖాన్' అన్నప్పటిలా గొంతులోంచి రావాలి. ఏదైనా పెడితే తిని "లెకర్" అనండి, బావుందని. ఆవిడ "నౌ నౌ" వస్తానంటే గుమ్మంలో నిలబడకండి. అది కాసేపట్లో అని, ఈ క్షణమే అని కాదు.

ఆసుపత్రిలో నర్సమ్మలు ఖోసా భాష వాళ్లు కావచ్చు. ఒక్కరుంటే "మోలో", నలుగురుంటే "మోల్వేని". పురుడు పోశాక "ఎన్‌కోసి" అనండి. ఆ భాషలో కృతజ్ఞత చెప్పడానికి అదే మాట.