‘హియర్‌బై’ లేకపోతే లెటరు చెల్లదా?

ప్రశ్న: నా సర్టిఫికెట్లు తీసుకోవడానికి మా తమ్ముణ్ని పంపుతూ రాయించిన లెటరులో ‘ఐ హియర్‌బై ఆథరైజ్’ అని ఉంది. ఆ హియర్‌బై తీసేస్తే చెల్లదా? మాదాపూర్‌లో మా అబ్బాయి చేరబోయే కంపెనీ అగ్రిమెంటులోనూ ‘హియర్‌బై అసైన్స్’ అనే ఉంది. ఏమిటీ మాట?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ లెటరు ఆ మాట లేకున్నా చెల్లుతుంది. అక్కడ చూసేది మీ సంతకం, తమ్ముడి గుర్తింపు కార్డు, ఏ పనికి పంపారన్న వివరం.

మన దస్తావేజుల్లో రాసే ‘ఇందుమూలముగా’నే హియర్‌బై. ఈ కాగితంతోనే పని అయిపోయిందని భావం. కాబట్టి రాయగానే పూర్తయ్యే క్రియల పక్కనే అది ఇముడుతుంది: ఆథరైజ్, డిక్లేర్, అపాయింట్, రిజైన్. ‘ఐ యామ్ హియర్‌బై అటాచింగ్ మై రెజ్యూమే’ తప్పు. జతచేయడం రాతతో అయ్యే పని కాదు కదా! అక్కడ హియర్‌విత్ (దీంతోపాటు) రాయాలి, లేదా హాయిగా ‘ఐ హావ్ అటాచ్డ్’ అంటే సరి. సెలవు చీటీలో ‘హియర్‌బై రిక్వెస్ట్’ తప్పేమీ కాదుగానీ, వట్టి బడాయి.

అబ్బాయి అగ్రిమెంటు సంగతి వేరు. ‘అగ్రీస్ టు అసైన్’ అంటే తను తయారుచేసేవాటి మీది హక్కులు మున్ముందు కంపెనీకి రాసిస్తానన్న మాట. ‘హియర్‌బై అసైన్స్’ అంటే ఇప్పుడే రాసిచ్చేసినట్టు. అమెరికాలో ఒక పరిశోధకుడు ముందు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి మొదటి రకం కాగితం మీద, తర్వాత సీటస్ అనే కంపెనీకి రెండో రకం కాగితం మీద సంతకం పెట్టాడు. పేటెంటు తగాదా వచ్చినప్పుడు ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2009లో రెండోదానికే బలముందని తేల్చింది. 2011లో అక్కడి సుప్రీంకోర్టులోనూ స్టాన్‌ఫర్డ్ ఓడింది, అయితే అక్కడ చర్చంతా వేరే చట్టం మీద. మీ అబ్బాయి చేరకముందే సొంతంగా తయారుచేసుకున్న యాప్‌లు, కోడ్ ఉంటే, అవి ఈ అగ్రిమెంటు కిందికి రావని జాబితా రాయించి, దాన్ని అగ్రిమెంటుకు జతచేయించాకే సంతకం పెట్టమనండి.

ఫ్లాటు కొనేటప్పుడూ ఈ తేడా పట్టించుకోవాలి. ‘అగ్రీస్ టు సెల్’ అన్న అగ్రిమెంటు ఒక్కదానితో ఆస్తిలో హక్కు పుట్టదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. అలాగని స్టాంపు పేపరు మీద ‘హియర్‌బై సెల్స్’ అని రాసి ఊరుకున్నా లాభం లేదు, సేల్ డీడ్ రిజిస్టర్ కావాల్సిందే.