బైకులు పికప్‌లో, టెంటు ట్రైలర్ వెనకాల

రాయగడ

అల్లుడికి ఆశీస్సులు.

జయపురం నుంచి దేవమాలి కొండ ఎక్కి, అక్కణ్ణుంచి సాలూరు ఘాటు దిగి భీమిలి దాకా వెళ్లాలని, మడత టెంటు ట్రైలర్‌తో పాటు రెండు స్ప్లెండర్లు, రెండు సైకిళ్లు కూడా ఒక్క బొలేరో పికప్‌తోనే తీసుకెళ్లొచ్చా అని అడిగావు. తీసుకెళ్లొచ్చు. బస్సులో వస్తామంటున్న మీవాళ్లిద్దరూ ఆ బైకుల మీదే వచ్చేస్తే ఈ ఉత్తరంలో సగం అక్కర్లేదనుకో. అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను.

బైకు ట్రైలర్ మీద పెట్టొద్దు, పికప్ తొట్టిలోనే పెట్టు. వెల్డింగ్ షాపువాడు ట్రైలర్ వెనక బంపర్‌కి చానెల్ అతికిస్తే చాలంటాడు, వినకు. ఎందుకో నువ్వు పంపిన కొలతలతోనే చూడు. సామానుతో కలిపి ట్రైలర్ 500 కిలోలు. ట్రైలర్‌ని పికప్‌కి తగిలించే కొక్కెం నుంచి ఇరుసుకి రెండున్నర మీటర్లు. కొక్కెం మీద పడే బరువు 60 కిలోలు. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం దాకా కొక్కెం మీద ఉండాలి కాబట్టి ఇప్పుడు బాగానే ఉంది. స్ప్లెండర్ సుమారు 112 కిలోలు. దాన్ని ఇరుసుకి మీటరున్నర వెనక వేలాడదీస్తే కొక్కెం దగ్గర 67 కిలోల బరువు తేలిపోతుంది. అంటే ఉన్న 60 కిలోలూ పోయి, ట్రైలర్ ముక్కు పైకి లేవాలని చూస్తుంది. అలాంటి ట్రైలర్ వేగం పెరిగితే తోక ఊపడం మొదలుపెడుతుంది. ఎదురుగా లారీ పోయినప్పుడు కొట్టే గాలి చాలు. అంతెందుకు, రెండు సైకిళ్లూ స్టాండూ కలిపి 30 కిలోలు అక్కడ పెట్టినా కొక్కెం బరువు 42కి పడిపోతుంది. పదో వంతుకి అదీ తక్కువే.

పోనీ ముందు, కొక్కెం పక్కన ఉన్న కోణం ఫ్రేము మీద బైకు పెడదామా అంటే, అక్కడ లెక్క ఇటు తిరుగుతుంది. 60 కాస్తా 145 అవుతుంది. పికప్ వెనక కుంగి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొడతాయి. టెంటు పైకప్పు మీదైతే ఆలోచనే వద్దు. దాన్ని ఎత్తేది సన్నటి తీగలూ చిన్న వించీ. తయారీవాడు ఇన్ని కిలోలు పెట్టొచ్చని రాసిస్తే తప్ప సైకిలు కూడా పెట్టకు. పెట్టినా, కప్పు ఎత్తే ముందు ప్రతిసారీ దించాల్సిందే.

కొక్కెం బరువు కళ్లతో తేల్చొద్దు. చదునైన నేల మీద ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను మీద చెక్క దిమ్మ నిలబెట్టి, పికప్ కొక్కెం ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ట్రైలర్ ముక్కు దాని మీద ఆన్చు. నీళ్ల డబ్బా, గ్యాసు సిలిండరు, వంట సామాను ఎక్కించాకే చూడాలి. మొత్తం బరువు లారీ కాటా మీద తూయించి, పికప్ బరువు ఆర్‌సీలో ఉన్న జీవీడబ్ల్యూ (సామానుతో కలిపి బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు) దాటలేదని చూసుకో.

ఇక ఎక్కించడం. ట్రైలర్ తగిలించాక పికప్ వెనక తలుపు దిగదు, దిగినా ట్రైలర్ ముక్కుకి కొట్టుకుంటుంది. కాబట్టి బైకులు ముందు, ట్రైలర్ తరవాత. దింపేటప్పుడు ముందు ట్రైలర్ విప్పాలి. దీనర్థం ఏమిటంటే, దేవమాలి మీద ఎక్కడ ఆగినా ట్రైలర్ విప్పి నిలబెట్టగల చదునైన చోటు కావాలి. వాలులో విప్పితే అది నీ మాట వినదు.

తొట్టి నేల మూడడుగుల ఎత్తులో ఉంటే బైకు ఎక్కించే వాలు పలక కనీసం ఏడెనిమిది అడుగులు ఉండాలి. పికప్ వెనక చక్రాలు పల్లంలోనూ పలక చివర గట్టు మీదా పడేలా ఆపితే సగం శ్రమ తగ్గుతుంది. పలకని తొట్టి కొక్కేలకు తాడుతో కట్టెయ్యి. ముందు చక్రం ఎక్కి వెనక చక్రం పలక మీదికి రాగానే పలక వెనక్కి జారుతుంది, బైకులు పడేది సరిగ్గా అప్పుడే. ఇద్దరు కావాలి. ఒకడు ఎడమ వైపు నుంచి హ్యాండిలు పట్టుకుని, ముందు బ్రేకు వెయ్యడానికి సిద్ధంగా ఉంటే, ఇంకొకడు వెనక నుంచి తొయ్యాలి.

రెండు బైకులూ ముందుకే మొహం పెట్టి, హ్యాండిళ్లు తగలకుండా ఒకదాన్ని జానెడు వెనక్కి నిలబెట్టు. ముందు చక్రం తొట్టి ముందు గోడకు ఆనాలి, రెండు వైపులా దిమ్మలు దిగ్గొట్టాలి. సైడు స్టాండు ఎత్తెయ్యి. స్టాండు మీద నిలబెట్టి కడితే గుంతల్లో అదే వంగుతుంది. ఒక్కో బైకుకి రాట్చెట్ బెల్టులు నాలుగు. ముందు రెండూ హ్యాండిలు చివర్లకు కాకుండా, ఫోర్కు పైభాగాన ఉన్న బ్రాకెట్‌కు గుడ్డ చుట్టి వేసి, కిందికీ ముందుకీ పక్కకీ లాగు. ఫోర్కు సగం కన్నా కాస్త తక్కువ దిగేదాకా బిగిస్తే చాలు. పూర్తిగా అణిచేస్తే సీళ్లు పోయి ఆయిలు కారుతుంది. వదులుగా వదిలేస్తే గుంతలో బైకు ఒక్కసారి కిందికి దిగుతుంది, బెల్టు కొక్కెం ఊడుతుంది. మిగిలిన రెండు బెల్టులు ఫుట్‌రెస్టు బ్రాకెట్ నుంచి వెనక్కి. నైలాను తాడు తడిస్తే సాగుతుంది, సైకిల్ ట్యూబు ముక్క ఎంత బిగించినా సాగుతూనే ఉంటుంది, రెండూ వద్దు. గేరులో ఉంచు, పెట్రోలు సగం కన్నా తక్కువ ఉంచు, ట్యాంకు కింద పెట్రోలు కాకు (కుళాయి) ఉంటే మూసెయ్యి. రాత్రి వాన వచ్చినా బైకుని టెంటు లోపలికి తేవద్దు. మూసిన గుడ్డలో పెట్రోలు ఆవిరీ స్టవ్వూ ఒకచోట ఉండకూడదు.

సైకిళ్లు తొట్టిలోనే బైకుల మధ్య, ముందు చక్రాలు విప్పి, పాత దుప్పటి అడ్డం పెట్టి సర్దు. పికప్‌కీ ట్రైలర్‌కీ మధ్య స్టాండు పెట్టి వేలాడదీస్తే మలుపులో హ్యాండిలు ట్రైలర్ ముందు పెట్టెలోకి దిగబడుతుంది. అలాగే పెట్టాలనుకుంటే ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి వెనక్కి నడిపి చూడు. రెండు వైపులా జానెడు సందు మిగలాలి.

తగిలించాక ముక్కు లాకు పడిందో లేదో ట్రైలర్ జాకీ తిప్పి చూడు. పికప్ వెనక భాగం కూడా పైకి లేస్తే పడినట్టే. గొలుసులు రెండూ ముక్కు కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేలా వెయ్యి. కొక్కెం ఊడినా ముక్కు నేలకి కొట్టుకోదు. ఇండికేటర్లు, బ్రేకు లైట్లు ఒకడిని వెనక నిలబెట్టి చూడు. ఒక లైటు వేస్తే ఇంకోటి మసకగా వెలుగుతోందంటే ఎర్తు వైరు వదులైందని అర్థం.

పది, పదిహేను కిలోమీటర్లు పోయాక ఆగి బెల్టులన్నీ మళ్లీ బిగించు. మొదటిసారి తప్పకుండా వదులవుతాయి. అప్పుడే ట్రైలర్ చక్రాల బొడ్డు మీద చెయ్యి పెట్టు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి ఆనకపోతే బేరింగులో గ్రీజు లేదేమో చూడు.

దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. ఎక్కేటప్పుడు ఇంజను వేడి చూసుకుంటే చాలు, అసలు పరీక్ష దిగేటప్పుడే. పొట్టంగి దాటి సుంకి నుంచి సాలూరు వైపు మలుపులు వస్తాయి. నీ ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేవు, దాని బరువంతా పికప్ బ్రేకుల మీదే. ఏ గేరులో ఆ ఘాటు ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. కాలు బ్రేకు మీదే పెట్టుకు కూర్చోకు, ఒకసారి గట్టిగా వేసి వేగం తగ్గించి వదిలెయ్యి. కాలిన వాసన వచ్చినా, పెడలు మెత్తబడినా, వెడల్పున్న చోట ఆపి చల్లారనివ్వు. డ్రమ్ముల మీద నీళ్లు పొయ్యకు. ట్రైలర్ ఊగితే సడన్ బ్రేకు వెయ్యకు, స్టీరింగుతో సరిచెయ్యాలనీ చూడకు. యాక్సిలేటరు వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకో. నిమ్మళించాక ఆపి, వెనకున్న సామాను ముందుకి జరుపు.

వానాకాలంలో కొరాపుట్ దగ్గర పొగమంచు దిగితే ఆ పూట కదలకు.

రెండు బైకుల ఆర్‌సీలు, ఇన్సూరెన్సులు కూడా దగ్గర పెట్టుకో, ట్రైలర్‌కూ వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. స్పేరు టైర్లు రెండు కావాలి, పికప్‌ది ట్రైలర్‌కి పట్టదు. వాటిని బైకుల కింద పెట్టకు. టైరు పేలినప్పుడు బెల్టులన్నీ విప్పాల్సి వస్తుంది.

మీ మావయ్య