ఓడ కట్టడం సరే, తాళ్ల సంగతేంటి?

ఓడ నమూనాల మీద ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమంది అడిగినవాటికే ఇక్కడ జవాబులు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి కట్టీ సార్క్ ఓడ కిట్ తెచ్చిచ్చాడు. ప్లాస్టిక్‌ది, 1:96 స్కేలు (అసలు ఓడలో 96వ వంతు). ఓడ అంతా బాగానే అతికించాను గానీ తాళ్ల దగ్గరే చిక్కొచ్చింది. ఒకవైపు బిగిస్తే రెండోవైపు వదులైపోతోంది, తెరచాప స్తంభం పక్కకి ఒరిగింది. టెన్షన్ భరించలేక అటకెక్కించేశాను. ఏం చేయమంటారు?
— రిటైరైన పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ముందు దాన్ని అటక మీంచి దించండి సార్. తప్పు మీది కాదు, మొదటి ఓడగా దాన్ని ఎంచుకోమని తెలిసినవాళ్లెవరూ చెప్పరు. 1869లో స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో నీళ్లలోకి దించిన కట్టీ సార్క్‌ని చైనా తేయాకుని అందరికంటే ముందు లండన్ చేర్చడానికే కట్టారు. వేగం కావాలంటే తెరచాపలు ఎక్కువుండాలి, తెరచాపలు పెరిగితే తాళ్లూ పెరుగుతాయి, ఆ భారమంతా ఇప్పుడు మీ వేళ్ల మీద పడింది.

ఓడ మీద తాళ్లు రెండు రకాలు. కొన్ని స్తంభాన్ని నిలబెట్టేవి, ఒకసారి కట్టాక కదలవు, తారు పూస్తారు కాబట్టి నల్లగా ఉంటాయి. మిగతావి తెరచాపల్ని ఎత్తడానికీ తిప్పడానికీ నావికులు రోజూ లాగేవి, వీటిది గోనెతాడు రంగు. మొదటి రకం పూర్తిగా అయ్యేదాకా రెండోదాని జోలికి వెళ్లకండి. స్తంభానికి రెండు పక్కలా దిగే బలమైన తాళ్లని ష్రౌడ్స్ అంటారు. వీటిని ఒకవైపువన్నీ కట్టేసి రెండోవైపుకి వెళ్తే స్తంభం ఒరక్కుండా ఎందుకుంటుంది? ముందుభాగం నుంచి మొదలుపెట్టి కుడివైపు ఒక జత కట్టండి, వెంటనే ఎడమవైపు దాని జోడీ, మళ్లీ కుడివైపు. ష్రౌడ్స్ వెనక్కి కూడా లాగుతాయి కనుక ముందువైపుకి ఒక తాత్కాలిక దారం కట్టి ఉంచుకోండి. దారం బిగుతు ఎంతంటే, తిన్నగా నిలబడితే చాలు. వీణ తీగలా మోగక్కర్లేదు.

స్తంభం ఇంకా వంగుతుంటే అది ప్లాస్టిక్ గుణం. కొత్త కిట్ మొదలుపెట్టేవాళ్లు బోలు స్తంభం రెండు సగాల్ని అతికించే ముందే లోపల సైకిల్ స్పోక్ ముక్కో ఇత్తడి కడ్డీయో పెట్టేస్తే ఈ బాధే ఉండదు.

ష్రౌడ్స్ మీద నావికులు ఎక్కడానికి అడ్డంగా కట్టే సన్నతాళ్లే రాట్‌లైన్లు. ఇక్కడే సగంమంది వదిలేస్తారు. అసలు ఓడలో వాటి మధ్య దూరం సుమారు 15 అంగుళాలు, మీ స్కేల్లో 4 మిల్లీమీటర్లు. పని తొందరగా అయిపోతుందని 8 మిల్లీమీటర్లకి ఒకటి కట్టారనుకోండి, పాపం ఆ నావికుడు గాలివానలో మెట్టు మెట్టుకీ రెండున్నర అడుగులు కాలెత్తాలి! తెల్ల అట్ట మీద 4 మిల్లీమీటర్లకో గీత గీసి ష్రౌడ్స్ వెనక ఆనించండి, గీత చూసుకుంటూ ఒక్కో ష్రౌడ్‌కీ ముడి వేసుకుంటూ పోండి. ముడి వేసేటప్పుడు దారాన్ని పక్కకి లాగితే బయటి ష్రౌడ్స్ లోపలికి వచ్చేసి మధ్యలో నడుం పడుతుంది. అందుకే ముందు ప్రతి ఐదోదీ వదులుగా కట్టి, తర్వాత మధ్యవి నింపండి. ముడికి సూపర్ గ్లూ వద్దు, దారం గట్టిపడి పుటుక్కున తెగుతుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ సూది మొనతో ఒక్క చుక్క పెడితే చాలు. తప్పు కట్టినా తడిపి విప్పుకోవచ్చు.

ప్రశ్న: మాది మగ్గం వర్క్ షాపు. సిల్క్ దారాలు బోలెడు మిగులుతాయి, మా తమ్ముడి ఓడకి పనికొస్తాయా?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: జాకెట్ మీద ఆ మెరుపు అందం, ఓడ మీద మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది. మెరవని పాలిస్టర్ దారం ఇవ్వండమ్మా. నూలు దారం చూడ్డానికి సహజంగా ఉంటుంది కానీ నూగు లేస్తుంది, పైగా తేమకి బిగుసుకుంటుంది, మీ ఊళ్లో వర్షాకాలం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. ఏ దారమైనా తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగితే నూగు అణుగుతుంది.

లావు విషయంలో చాలామంది ఒకచోట బోల్తా పడతారు, మీ తమ్ముడికి చెప్పండి. పాత ఓడల పుస్తకాల్లో తాడు కొలత అంటే చుట్టుకొలత, అడ్డుకొలత కాదు. 9 అంగుళాల తాడు అని ఉంటే 3.14తో భాగించాలి, అడ్డుకొలత సుమారు 2.87 అంగుళాలు, అంటే 73 మిల్లీమీటర్లు వస్తుంది. 1:96 స్కేల్లో అది ముప్పావు మిల్లీమీటరు దారం. భాగించడం మర్చిపోతే రెండు మిల్లీమీటర్లు దాటిన మోకు తయారవుతుంది.

ప్రశ్న: వడ్రంగి దగ్గర టేకు ముక్కలు ఊరికే దొరుకుతున్నాయి. వాటితో చేయొచ్చా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పెద్ద ఓడకి టేకుని మించింది లేదు. 1817లో బొంబాయిలో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక మలబారు టేకుదే, ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో తేలుతోంది. కానీ నమూనాలో టేకు చార, రంధ్రాలు స్కేలుకి మించి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఏటికొప్పాక బొమ్మలవాళ్లు వాడే అంకుడు కర్ర దొరికితే వదలకండి, సన్నటి పోగు, చిన్న ముక్క తరిమెన పట్టినా అంచు చిట్లదు. కొండపల్లి పొణికి మరీ మెత్తన, గోరు తగిలినా సొట్ట పడుతుంది, లోపల నింపడానికి వాడుకోండి.

ప్రశ్న: శాతవాహనుల నాణెం మీది రెండు స్తంభాల ఓడ చేయాలని నా కోరిక. ప్లాన్ ఎక్కడ దొరుకుతుంది?
— చరిత్ర మాస్టారు, గుంటూరు

జవాబు: అంతకాలం నాటి ప్లాన్ ఎక్కడిది మాస్టారూ! యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెంలో రెండు స్తంభాలు, తాళ్లు కనిపిస్తాయి. వెడల్పెంత, లోపల ఏముంది, పలకల్ని ఎలా కలిపారు అన్నది బొటనవేలంత సీసపు బిళ్ల చెప్పలేదు. చేయండి, కానీ కింద పీఠం మీద ‘ఊహాచిత్రం’ అని రాయండి, లేకపోతే రేపు పిల్లలు అదే చరిత్ర అనుకుంటారు.

నన్నడిగితే ముందు మసూలా పడవ చేయమంటాను. కోరమండల్ తీరంలో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, ఆ అలల్లోంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చినవి ఇవే. మేకు ఉండదు, లోపల పక్కటెముకల్లాంటి చట్రమూ ఉండదు, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. అందుకే అల కొడితే పగలకుండా కాస్త ఒదుగుతుంది. 30 అడుగుల పడవ 1:20లో చేస్తే సుమారు 46 సెంటీమీటర్లు వస్తుంది. స్తంభాల గొడవ లేదు, పని మొత్తం కుట్టులోనే.

ప్రశ్న: తెరచాపలు పెట్టాలా, వద్దా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దు. ఎంత పల్చటి గుడ్డైనా దాని పోగు 1:96లో వేలంత లావున్నట్టు లెక్క. పైగా అంత కష్టపడి కట్టిన తాళ్లన్నీ దాని వెనక దాక్కుంటాయి. మీ ఇంట్లోవాళ్లు తెరచాప లేని ఓడేంటని గోల పెడితే, రేవులో ఆగి ఉందని చెప్పండి.