బండలు పరిచే ముందు గాలి సంగతి చూసుకో

చిరంజీవికి పెదనాన్న దీవెనలు.

వేంపల్లెలో నీ ఇల్లు బేస్‌మట్టం దాకా వచ్చిందని మీ నాయన చెప్పినాడు. ప్లాను కూడా పంపినాడు. పడకగదులు రెండూ కిందనే, ఏసీ కోసమని కిటికీలు చిన్నవి చేసినారు. నేలలోంచి వచ్చే రాడాన్ అనే వాయువు అట్లాంటి గదుల్లో నిలిచిపోతుంది. అది చూసే ఈ జాబు రాస్తున్నా. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని మరిచిపోతావు.

ముప్పై ఏళ్లు భూమి లోపలి గనుల్లో గాలి చూసే పని చేసినోణ్ణి. ఫ్యాను ఆగితే మనిషిని కిందికి దిగనిచ్చేవాణ్ణి కాదు. అప్పట్లో మా భయమంతా దుమ్ముకూ, పేలుడు పొగకూ. రాడాన్ గురించి తర్వాత చదువుకున్నా. రాతిలో, మట్టిలో ఉండే యురేనియం తరుగుతూ రేడియం అవుతుంది, దాంట్లోంచి పుట్టే వాయువే ఇది. రంగు లేదు, వాసన లేదు. 3.8 రోజులకు సగం తరిగి పొలోనియంలాంటి రేడియోధార్మిక లోహాలుగా మారుతుంది. అవి దుమ్మును పట్టుకొని ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడే కండను దెబ్బతీసే రేడియేషన్, అంటే ఆల్ఫా కణాలు, చిమ్ముతాయి. జర్మనీలోని ష్నీబెర్గ్ గని కార్మికుల ఛాతీలో పెరిగేది క్యాన్సరని 1879లోనే ఇద్దరు వైద్యులు చెప్పినారు.

తుమ్మలపల్లె యురేనియం గని దగ్గరే కదా అని కోడలు భయపడుతోందట. గని చుట్టూ నీళ్లనూ గాలినీ కొలుస్తూనే ఉండాల, ఆ లెక్కలు ఊరివాళ్లకు చెప్పాల. ఈ మాట ఎక్కడైనా అంటా. అయితే నీ ఇంటికి ముఖ్యం ఇంటి కింది నేల. యురేనియం దొరికే ఆ డోలమైటు రాతి పొరలకు భూగర్భ శాస్త్రంలో వేంపల్లె పేరే ఉంది. అంతమాత్రాన నీ స్థలంలో రాడాన్ ఎక్కువుందని కాదు. కొలిస్తేనే తెలుస్తుంది.

రాడాన్‌ను బెకెరెల్‌లలో కొలుస్తారు, సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకెరెల్. ఇంట్లో ఘనపు మీటరు గాలికి 100 బెకెరెల్‌లు దాటకుండా చూసుకోమని, ఎట్లా చేసినా కుదరకపోతే 300 మాత్రం మించనీయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. యూరప్ ఇళ్ల మీద చేసిన 13 అధ్యయనాలను కలిపి చూస్తే, ప్రతి 100 బెకెరెల్‌లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరిగింది. ఈ లెక్క ఇంకోరకంగా చూడు. పొగ తాగని వెయ్యిమందిలో 75 ఏళ్లలోపు ఈ క్యాన్సర్‌తో పోయేవాళ్లు, రాడాన్ లేకుంటే నలుగురు, 400 బెకెరెల్‌లు ఉంటే ఏడుగురు. పొగ తాగేవాళ్లలో అదే 100 నుంచి 160కి పోతుంది. నాయనా, ఇంటికి ఏమి చేసినా చేయకపోయినా, ముందు ఆ సిగరెట్ మానెయ్యి. నేను నిన్ను అడిగేది ఇదొక్కటే.

ఇంకా తేలనివి చాలా ఉన్నాయి. పిల్లల్లో రక్త క్యాన్సర్‌కూ రాడాన్‌కూ సంబంధముందా అన్నది తేలలేదు. ఈ అధ్యయనాలు ఎక్కువగా చలిదేశాల మూసిన ఇళ్లలో చేసినవి. కట్టెలపొయ్యి పొగ, బీడీ, రాడాన్ మూడూ కలిస్తే ఏమవుతుందో మన ఊళ్లలో ఏళ్ల తరబడి చూసినవాళ్లు తక్కువ. రాతిలోనే ఉండే థోరియంలోంచి థోరాన్ అనే ఇంకో రకం రాడాన్ పుడుతుంది, దాని సగం ఆయుష్షు 55 సెకన్లే. గోడకు ఎంత దూరంలో కొలిస్తే అంత తేడా వస్తుంది కాబట్టి దాని లెక్క ఇంకా కష్టం. శాస్త్రవేత్తలు ఇవన్నీ తేల్చేదాకా మనం ఆగాల్సిన పనిలేదు.

మీ జేజి ఉన్న మట్టిమిద్దె గుర్తుందా? పైన గవాక్షి, ఎదురెదురుగా తలుపులు. గాలి కింద నిలిచేది కాదు. నీ ఇంట్లో అదే చేయాల. మేస్త్రీతో చెప్పు, నేలకు కాంక్రీటు బెడ్ వేసేముందు కింద నాలుగంగుళాల కంకర పరచాల, దానిపైన మందపు ప్లాస్టిక్ పట్టా వేయాల. కంకరలోంచి ఒక పీవీసీ పైపు మిద్దె పైదాకా ఎత్తాల. రేపు కొలత ఎక్కువ వస్తే దానికి చిన్న ఫ్యాను బిగిస్తే చాలు, కింది గాలిని పైకి లాగేస్తుంది. బండలు పరిచినాక ఇదంతా చేయాలంటే పగలగొట్టాల్సిందే. పైపులు గోడల్లోకి, నేలలోకి దూరే సందులు సిమెంటుతో మూయించు. కిటికీలు పెద్దవి చెయ్యి, ఏసీ వేసుకున్నా పొద్దున్నే తెరిచిపెట్టండి. వంటింటి గ్రానైటు గురించి కంగారొద్దు, నేల నుంచి వచ్చేదానితో పోలిస్తే సాధారణంగా అది కొంచెమే.

గృహప్రవేశమైనాక ఒక డబ్బాలో చిన్న ప్లాస్టిక్ ఫిల్ము పెట్టి పడకగదిలో మూడు నెలలు వేలాడదీస్తారు. ఆల్ఫా కణాలు తగిలిన గాట్లు లెక్కపెట్టి చెబుతారు. చలికాలంలో, తలుపులు మూసుకునే రోజుల్లో కొలిపించు. ఆ ఏర్పాటు నేను చూస్తా. బెడ్ వేసే రోజు మాత్రం ముందుగా చెప్పు, తెల్లారి బస్సుకే వస్తా, ఆ పైపు ఎక్కడ పెట్టాలో నేనే నిలబడి చూపిస్తా.

మీ పెదనాన్న