పిక్‌గార్డ్‌కి రంగు వేసే ముందు

చిరంజీవి తల్లికి,
పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు తయారుచేస్తున్న ఎలక్ట్రిక్ గిటార్ ఫోటోలు చూశాను. చెక్క పని చాలా బాగా కుదిరింది. అంచులు గుండ్రంగా తిప్పిన తీరు చూస్తే తొలి గిటార్ అంటే నమ్మబుద్ధి కావడం లేదు. పిక్‌గార్డ్ (తీగల కింద ముందువైపు బిగించే ప్లాస్టిక్ పలక), మూడు పికప్‌ల (తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే భాగాల) కవర్లు, నాబ్‌లు, స్విచ్ టోపీ, వెనక మూత అన్నీ తెల్లగా ఉన్నాయని, వాటికి ముదురు ఆకుపచ్చ స్ప్రే చేస్తానని రాశావు. ఆదివారం పొద్దున రంగు వేసి సాయంత్రానికి బిగించేస్తానన్నావు చూడు, ఆ మాట చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆదివారం సాయంత్రం బిగించకు. డబ్బా పట్టుకుని రంగు కొట్టేది మొత్తం కలిపినా అరగంట పని. దానికి ముందు ఒక పూట, తర్వాత కనీసం ఒక వారం పడుతుంది.

చెక్క రంగును కొంత పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ పీల్చదు. రంగు దాని మీద పొరలా అతుక్కుని ఉంటుందంతే. మధ్యలో సన్నటి జిడ్డు ఉన్నా ఆ పొర లేచిపోతుంది. నేను మొదట రంగేసిన పిక్‌గార్డ్‌ని కడగలేదు, పొడిగుడ్డతో తుడిచి కొట్టేశాను. ఆరాక అద్దంలా మెరిసింది. మాస్కింగ్ టేప్ లాగితే టేప్‌తో పాటు అరచేయంత రంగు పొర ఊడివచ్చింది. మళ్లీ మొత్తం గీకి మొదటికి వచ్చాను. అందుకే కడగడం గురించే ఎక్కువ చెప్తాను, విసుక్కోకు.

ముందు ప్లాస్టిక్ ఏదో తెలుసుకో. కవర్లు, నాబ్‌లు చాలావరకు ఏబీఎస్. పిక్‌గార్డ్‌లు ఎక్కువగా పీవీసీ, కొన్ని యాక్రిలిక్. ఈ మూడింటికీ రంగు పడుతుంది. పాలీప్రొపిలీన్, పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌లకు మాత్రం మామూలుగా పట్టదు, గోటితో గీరితే వచ్చేస్తుంది. తేడా కనిపెట్టడం సులువే. చిన్న ముక్కని నీళ్లలో వెయ్యి. బోలుగా ఉన్నదైతే లోపలి గాలి బయటికి పోయేలా ముంచు. ఏబీఎస్, పీవీసీ, యాక్రిలిక్ మునుగుతాయి, పాలీప్రొపిలీన్, పాలిథిన్ తేలతాయి. ఏదైనా తేలితే దానికి ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కంటే ముందు ప్లాస్టిక్ అడ్హెషన్ ప్రమోటర్ అనే స్ప్రే కొట్టాలి. నన్నడిగితే అలాంటి భాగం పక్కన పెట్టి ఏబీఎస్‌ది వేరేది తెచ్చుకోవడమే మేలు.

ఇక కడగడం. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్ బ్రష్ చాలు. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి వాడే మందు కవర్ల మీద, నాబ్‌ల మీద మిగిలి ఉంటుంది. పిక్‌గార్డ్ మీదైతే పైన అంటించిన ఫిల్మ్ జిగురు, మన వేళ్ల జిడ్డు ఉంటాయి. ఎప్పుడైనా సిలికాన్ ఉన్న పాలిష్ తగిలి ఉంటే రంగు అక్కడ నిలవకుండా చుట్టూ జరిగి గుండ్రటి గుంటలు పడతాయి. ఒకసారి కడిగి, రుద్ది, మళ్లీ కడుగు. చివర్లో శుభ్రమైన నీళ్లు పోసి చూడు. నీళ్లు ఒకే పొరలా జారితే సరే. తామరాకు మీద లాగా బొట్లు కడితే ఇంకా జిడ్డుందని అర్థం, మళ్లీ సబ్బు పట్టించు. ఆరాక ఉత్త చేత్తో ముట్టుకోకు, గ్లౌజులు వేసుకో.

థిన్నర్‌తో గానీ అసిటోన్‌తో గానీ తుడవద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో చాలాసార్లు ఉండేది అసిటోనే, అదీ వద్దు. ఏబీఎస్‌ని అది కరిగిస్తుంది. ఒక పికప్ కవర్‌ని థిన్నర్ గుడ్డతో తుడిచి, కళ్లముందే అది బంకబంకగా అవడం చూశాను. ఏబీఎస్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవచ్చు. యాక్రిలిక్ మీద అదీ వాడకు, సన్నటి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది.

రుద్దడానికి చదునైన పిక్‌గార్డ్‌కి 400 నంబరు వాటర్ పేపర్, కవర్లకి 600. మెరుపు పోయి మసకబారితే చాలు, గీతలు లోతుగా పడకూడదు. నాబ్‌ల గాడుల్లోకి పేపర్ వెళ్లదు, అక్కడ నైలాన్ స్క్రబ్బింగ్ ప్యాడ్ వాడు. నాబ్ మీద అంకెలు రంగు కింద మునిగిపోతాయి, అది ముందే మనసులో పెట్టుకో. స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) మాత్రం ఆ గదిలోకే తేవద్దు. దాని ఇనప రజను పికప్ అయస్కాంతాలకి పట్టేస్తే వదిలించడం మహా కష్టం.

కవర్లకి రంగు వేయాలంటే పికప్‌లోంచి తీసెయ్. కాయిల్‌కి చుట్టిన రాగి తీగ మందం దాదాపు 0.06 మిల్లీమీటర్లు ఉంటుంది, గోరు తగిలినా తెగుతుంది. అందుకని కవర్‌ని నిదానంగా, నిటారుగా పైకి లాగు.

ఇంకో సంగతి. కవర్ పిక్‌గార్డ్ రంధ్రంలో బిగుతుగా కూర్చుంటుంది. కవర్‌కీ, రంధ్రం అంచుకీ రెండింటికీ రంగు పడితే సందు తగ్గి, పికప్ ఎత్తు మార్చిన ప్రతిసారీ రంగు గీసుకుపోతుంది. రంధ్రం లోపలి అంచుని ముందే సన్న ఆకురాయితో వెంట్రుకవాసి పెద్దది చెయ్. నాబ్ లోపల షాఫ్ట్ దూరే రంధ్రానికి టేప్ చుట్ట దూర్చు. అక్కడ రంగు పడితే నాబ్ ఎక్కదు, బలవంతంగా నొక్కితే పగులుతుంది.

పిక్‌గార్డ్ వెనక అల్యూమినియం ఫాయిల్ ఉందన్నావు. దాన్ని పూర్తిగా మూసెయ్. వాల్యూమ్, టోన్ కంట్రోళ్ల లోహపు ఒంటికి తగిలే ఆ ఫాయిల్ గ్రౌండ్ (ఎర్త్) అవుతుంది. మధ్యలో రంగు పొర వస్తే ఆ కనెక్షన్ పోయి, ఫాయిల్ ఉన్నా లేనట్టే. ఒకసారి ఆంప్లిఫయర్‌లో హమ్ (గుయ్‌మనే మోత) వస్తుంటే నేను సోల్డరింగ్ మొత్తం విప్పి మళ్లీ చేశాను. చివరికి చూస్తే ఫాయిల్ మీద పడిన స్ప్రే తుంపరే కారణం. టంకం పనిలో తప్పు లేదని తెలిశాక ఎంత బాధేసిందో! కంట్రోళ్ల నట్లు కూర్చునే రంధ్రాల లోపలి అంచులు కూడా శుభ్రంగా ఉంచు.

నీ పిక్‌గార్డ్ మూడు పొరలది. ఏటవాలు అంచులో తెలుపు, నలుపు, తెలుపు గీతలు కనిపిస్తాయి. ఆకుపచ్చ పక్కన ఆ గీతలు ఉంటేనే అందం అని నా అభిప్రాయం. ఆ అంచుకి సన్న టేప్ వంపుల వెంట ఓపిగ్గా అంటించు. లేదా మొత్తానికీ రంగు కొట్టి, బాగా ఆరాక పదునైన బ్లేడుని నిలువుగా పట్టి అంచు మీద రంగుని గీకెయ్.

పట్టుకునే ఏర్పాటు కూడా ముందే చేసుకో. నాబ్‌లని పుల్లలకి గుచ్చు, కవర్లని చిన్న చెక్కముక్కలకి తొడుగు, పిక్‌గార్డ్‌ని నాలుగు స్క్రూల మీద పలక నుంచి పైకి లేపి నిలబెట్టు. పొడిగుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కి స్టాటిక్ పట్టి దుమ్ముని లాక్కుంటుంది. అందుకని రంగుకి ముందు కాస్త తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వు, నేల మీద నీళ్లు చల్లు.

మొదట ప్లాస్టిక్ ప్రైమర్, బూడిద రంగుది. తెలుపు వద్దు. ఎప్పుడైనా పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) గీసుకున్నా ముదురు రంగు కింద బూడిద అంతగా కనబడదు. డబ్బాలో గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపు. 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరం పెట్టు. భాగం బయట మొదలుపెట్టి అవతల బయటికి వెళ్లాకే వేలు తియ్, ప్రతి వరస ముందు వరసని సగం కప్పాలి. మొదటి కోటు మంచు పట్టినట్టు ఉండాలి, కింద ప్లాస్టిక్ కనబడుతున్నా ఫర్వాలేదు. తడితడిగా కొడితే సాల్వెంట్ ప్లాస్టిక్‌ని తింటుంది, రంగు మూలల్లో కారుతుంది. మూడు నాలుగు పలుచటి కోట్లు కావాలి. కోటుకీ కోటుకీ మధ్య ఎంత ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటనివ్వకు. వాన ముసురు రోజున, గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు కొట్టొద్దు. కొన్ని రంగులు పాలిపోయినట్టు తెల్లబడతాయి.

పైన క్లియర్ కోటు (రంగు లేని పారదర్శక పూత) తప్పదు. పిక్ తగిలేదీ, చెయ్యి ఆనేదీ దాని మీదే. 1954లో వచ్చిన తొలి స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ల పికప్ కవర్ల మూలలు వాయించీ వాయించీ అరిగి లోపలి కాయిల్ బయటపడేది. గట్టి ప్లాస్టిక్కే అలా అరిగితే రంగు పొర ఎంత? మూలల మీద ఒక కోటు ఎక్కువ పడేలా చూడు. రంగు, క్లియర్ ఒకే కంపెనీ ఒకే రకానివి తీసుకో, లేకపోతే కింది రంగు ముడతలు పడొచ్చు. హార్డెనర్ కలిసే టూ-కే క్లియర్ గట్టిదే, కానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. ఇంట్లో చేసేదానివి, నువ్వు దాని జోలికి పోకు. మామూలు స్ప్రేకి కూడా ఆరుబయటే నిలబడు, ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకో. గుడ్డ మాస్క్ ఆ ఆవిరిని ఆపదు. దగ్గర్లో స్టవ్వు గానీ, దీపం గానీ ఉండకూడదు, డబ్బాలోంచి వచ్చే గ్యాస్ అంటుకుంటుంది.

ఆ తర్వాత ముట్టుకోకుండా ఉండటమే అసలు కష్టం. పైకి గంటలోనే ఆరినట్టుంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది. ఒకసారి మర్నాడే నాబ్ ఎక్కించాను. నా బొటనవేలి ముద్ర దాని మీద అలాగే ఉండిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు, రంగు వాసన వస్తున్నంతకాలం ఆరనట్టే. వాసన పూర్తిగా పోయాకే 1500, 2000 నంబరు తడి పేపర్‌తో మెల్లగా రుద్ది పాలిష్ పెట్టు, అంచుల మీద మాత్రం చెయ్యి తేలిగ్గా ఉంచు. స్క్రూ గుంటల్లో రంగుని గీకేసి, స్క్రూలు చేత్తోనే బిగించు. గుంటలో రంగు ఉంటే స్క్రూ తల తిరిగేటప్పుడు దాన్ని చుట్టూ చీల్చేస్తుంది.

ఇదంతా ముందు వెనక మూత ఒక్కదాని మీద చెయ్. అది ఎవరికీ కనబడదు, పిక్ తగలదు. కడగడం నుంచి క్లియర్ దాకా అన్నీ దాని మీద పూర్తిచేసి, వారం ఆగి, ఒక మూలన టేప్ అంటించి గట్టిగా లాగు. ఆ టేప్‌కి ఏం అంటుకుందో ఫోటో తీసి నాకు పంపు. అది చూశాక పిక్‌గార్డ్ సంగతి మాట్లాడుకుందాం. అప్పటిదాకా మిగతా భాగాల కోసం డబ్బా మూత తియ్యకు.

ప్రేమతో,
పెదనాన్న